లొకేషన్ పంపు

తార్నాక, హైదరాబాద్
సెప్టెంబరు

తమ్ముడు భూమేశ్‌కు,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావని టై కట్టుకున్న నీ వాట్సాప్ ఫోటో చెబుతూనే ఉంది. అయినా అక్కను కాబట్టి అడుగుతున్నాను, వేళకు తింటున్నావా?

కాగితం మీద రాసి దాన్ని ఫోటో తీసి పంపడమేమిటని నవ్వకు. నీ వాయిస్ మెసేజ్‌లతో విసిగిపోయాను. "అక్కా, మంచిగున్న, డ్యూటీకి పోతున్న" అని మొదలై అక్కడే అయిపోతాయి. నువ్వూ ఇలాగే కాగితం మీద రాయి, రాసేటప్పుడు కనీసం పేజీ నింపాలి కదా! చిన్నప్పుడు పరీక్షల్లో నింపినట్టు నింపినా నాకు చాలు.

అసలు సంగతికి వస్తాను. ఈ ఏడు మా కాలేజీలో సినిమా చరిత్ర పాఠం నాకు అప్పజెప్పారు. అందులో నాకు బాగా ఇష్టమైన భాగం, రెండో ప్రపంచ యుద్ధం తరవాతి అమెరికా సినిమా. అంతకుముందు హాలీవుడ్‌వాళ్లకు న్యూయార్క్ వీధి కావాలంటే ఎక్కువగా స్టూడియోలోనే చెక్కతోనూ ప్లాస్టరుతోనూ వీధి కట్టుకునేవారు. వాన కావాలంటే గొట్టంతో కురిపించుకునేవారు. యుద్ధంలో చిన్న కెమెరాలు చేత పట్టుకుని సైనికుల వెంట తిరిగిన కెమెరామన్లు ఇంటికి తిరిగొచ్చారు. ఇటలీ నుంచి వీధుల్లో తీసిన సినిమాలూ వచ్చాయి. ఇంక చెక్క వీధులు చాలామందికి ఆనలేదు. కెమెరా భుజానికెత్తుకుని నిజం వీధుల్లోకి దిగారు. నిజం మెట్లు, నిజం స్టేషన్లు, నిజం జనం. హీరో వెనక నడిచే మనిషి తన పని మీద తాను పోతుంటాడు, సినిమాలో పడ్డానని అతనికి తెలియదు. ఎవరో ఒకరు మాత్రం అనుమానమొచ్చి ఒక్క క్షణం కెమెరా వైపు చూస్తారు. ఆ చూపులంటే నాకు ప్రాణం. అవి వచ్చినప్పుడల్లా బొమ్మ ఆపి పిల్లలకు చూపిస్తాను.

మా పిల్లలూ నేనూ కలిసి ఆ పద్ధతిలో చిన్న సినిమా చేద్దామనుకున్నాం. ఒక మనిషి, అతని ఒక రోజు. ఆ మనిషివి నువ్వే. డిసెంబరులో మా ఫిలిం సొసైటీలో వేస్తాం. ఆ తరవాత కోరుట్లలో నీ నిశ్చితార్థం నాడు సునీతవాళ్లకూ చూపిస్తాను. అద్దాల ఆఫీసు ముందు నీ ఫోటో చూసే వాళ్లు సంబంధానికి సరేనన్నారు, సినిమా చూస్తే ఇంకేమంటారో!

ఎలా తియ్యాలో తరవాత చెబుతాను. ముందు నీ లొకేషన్ పంపు.

నీ అక్క
శ్రీవాణి


మస్కట్
సెప్టెంబరు చివర, శుక్రవారం

అక్కకు,

బాగున్నాను, తింటున్నాను. ఇక్కడ ఎండలు కొంచెం తగ్గుముఖం పట్టాయి.

పేజీ నింపమన్నావు కాబట్టి రాస్తున్నాను. మా ఆఫీసు అల్ ఖువైర్‌లో ఉందని నీకు తెలుసు. చుట్టూ మంత్రుల కార్యాలయాలు, బ్యాంకులు. రోడ్డు మీద కాగితం ముక్క కనబడదు. కార్లు నిన్ననే కడిగినట్టుంటాయి. ఆఫీసు పని గురించి రాస్తే నీకు అర్థం కాదులే, అంతా టెక్నికల్.

నీ అమెరికావాళ్ల కథ నాకు నచ్చింది కాని ఒక్కటి అర్థం కాలేదు. స్టూడియోలో నీడ ఉంది, ఫ్యాను ఉంది, వాన కూడా చెప్పినట్టు వింటోంది. అదంతా వదిలేసి ఎవడైనా కావాలని ఎండలోకి పోతాడా? ఇక్కడ అలాంటివాణ్ని చూస్తే ముందు తల మీద నీళ్లు పోస్తారు. అయినా గట్టివాళ్లే, ఒప్పుకోవాలి.

సునీత నుంచి నిన్న మెసేజ్ వచ్చింది. "తిన్నరా?" అని. "తిన్నా" అని పెట్టాను. అంతే. ఆ రెండు మాటలూ ఇప్పటికి ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతావు.

లొకేషన్ అడిగావు, అదెంత పని! ఇక్కడ పొద్దున లేస్తే అదే మాట. బస్సు డ్రైవర్ అడుగుతాడు, కూరగాయలాయన అడుగుతాడు, "లొకేషన్ భేజో భాయ్" అని. ఇది రాస్తూనే కొట్టేశాను, చూసుకో.

నీ తమ్ముడు
భూమేశ్


తార్నాక
అక్టోబరు

భూమేశూ,

నీ లొకేషన్ అందింది. నేనడిగింది షూటింగ్ లొకేషన్ నాయనా! నువ్వుండే ఇల్లు, నడిచే వీధి, ఎక్కే మెట్లు ఫోటోలు తీసి పంపమని. నువ్వేమో ఫోన్ మ్యాపులో ఎర్ర గుర్తు పంపావు. క్లాసులో పిల్లలకు చెబితే బల్లలు చరిచి నవ్వారు. "మేడం, మీ తమ్ముడు మా అందరికంటే సూటిగా ఉన్నాడు" అన్నారు.

నవ్వడం అయ్యాక, ఎలాగూ పంపావు కదా అని ఆ ఎర్ర గుర్తు మీద వేలు పెట్టాను. ఘాలా అని వచ్చింది. పైనుంచి తీసిన బొమ్మలో రేకుల షెడ్లు, గ్యారేజీలు, వరసగా ఆపిన కంపెనీ బస్సులు, వాటి పక్కన పొడుగాటి రెండంతస్తుల గదులు. నువ్వు రాసింది శుక్రవారం, సెలవు రోజు. అంటే ఇంట్లో కూర్చునే రాశావు. మీ ఇల్లు ఎక్కడ భూమేశ్?

కోపంగా అడగడం లేదు. నాన్న అక్కడే మస్కట్‌లో, రూవిలో ఉన్నప్పుడు పంపిన ఫోటోలు గుర్తున్నాయా? కోటు, చేతిలో నకిలీ టెలిఫోను, వెనక గోడంత జలపాతం. అది స్టూడియో తెర అని నాకు కాలేజీకి వచ్చాక గాని తెలియలేదు. అమ్మ మాత్రం ఇంకా నమ్ముతోందనుకున్నాను. మొన్న ఆదివారం కోరుట్ల వెళ్లినప్పుడు అడిగాను. బీడీలు చుట్టడం ఆపకుండానే అంది: "గా జలపాతం ఒక్క మీ నాయిన ఎన్కనే ఉన్నదా? గంగన్న ఫోటోల గదే, లింగన్న ఫోటోల గదే. మస్కట్ల తాగ నీళ్లే కొనుక్కుంటరంటిరి, గీ ముగ్గురికి జలపాతం ఏడికెల్లి దొరికింది?"

"మరి నాన్నను ఎన్నడూ అడగలేదేమే?" అన్నాను.

"అడిగితె మల్ల ఫోటో దిగకపోతుండె. కోటు మంచిగుండె మీ నాయినకు" అంది.

ఆ ఒక్క మాటకు అమ్మను పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. నువ్వూ ఏదైనా చెప్పాలనుకుంటే చెప్పు. వద్దనుకుంటే ఆ ఎర్ర గుర్తు నేను చూడనేలేదు.

అక్క


ఘాలా, మస్కట్
అక్టోబరు

అక్కకు,

ఈసారి పైన ఊరి పేరు సరిగ్గా రాశాను, చూడు.

నేను పచ్చి అబద్ధం ఆడలేదు. ఆఫీసు అల్ ఖువైర్‌లోనే. కాకపోతే అది కట్టడం ఇంకా పూర్తి కాలేదు. నేను దానికి సెంట్రింగ్ కొడుతున్నాను, అంటే స్లాబు పోసే ముందు కింద పలకలు కట్టే పని. సంబంధాలు చూసేవాడు "పోరడు ఏడ పనిచేస్తడు?" అని అడిగితే "అల్ ఖువైర్ల, ఆఫీసు పని" అన్నాను. మిగతాది వాడే కలుపుకున్నాడు. నేను సరిదిద్దలేదు. అద్దాల ఫోటో పక్కనున్న బ్యాంకు ముందు దిగింది. ఆ టై మా రూంలో అందరిదీ. ఎవరికి సంబంధం కుదిరేలా ఉంటే వాళ్లు కట్టుకుంటారు. ఇప్పటికి మా రూంలో ముగ్గురికి పెళ్లి చేసింది ఆ టై.

ఉత్తరాలు రాయమంటే వెంటనే ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. కాగితం మీదైతే వెనక చప్పుడు వినపడదు. మా రూంలో ఎనిమిది మందిమి. ఒకడు ఇంటికి మాట్లాడుతుంటాడు, ఒకడు కుక్కర్ పెడతాడు, ఓబులేసు భజన పాటలు పాడతాడు. ఓబులేసు అంటే కడపవాడు, నా పైమంచం వాడు. అన్నలాంటోడు కాని గొంతు మాత్రం లౌడ్‌స్పీకరు.

అక్కా, నిన్ను బతిమాలుకుంటున్నాను, సునీతకు చెప్పకు. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటో దిగిన పిల్ల, ఆమె సరేనన్నది నన్ను చూసి కాదు, ఆ అద్దాలను చూసి. అద్దాలు తీసేస్తే ఆమె ఎందుకు ఉంటుంది? రోజూ ఆమె అడిగే ఆ "తిన్నరా?" ఆగిపోతే నాకిక్కడ ఇంకేం బాగుండదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నాకు ఆమె కావాలి.

నీ సినిమా ఆగొద్దు. తెలిసిన సూపర్‌వైజర్‌గారికి రూవిలో ఫ్లాట్ ఉంది. శుక్రవారం తాళం ఇస్తానన్నారు. అక్కడ తీసి పంపుతాను. సోఫా కూడా ఉంది.

భూమేశ్


తార్నాక
నవంబరు మొదట్లో

భూమేశూ,

ఫ్లాట్ వీడియో చూశాం. సోఫా బాగుంది, దాని మీది ప్లాస్టిక్ కవరు తీసి ఉంటే ఇంకా బాగుండేది. నీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచి సీసా ఎక్కడుందో వెతుక్కున్నావు. కిటికీ తెర ఎటు లాగాలో తెలియక రెండు వైపులా లాగావు. నాన్న జలపాతానికి నువ్వు సోఫా చేర్చావు, అంతే. సెట్ వేశావురా!

కాని ఒక్క చోట కళ్లు చెమర్చాయి. గుమ్మంలో చెప్పులు విప్పి, వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి గోడవారగా జరిపావు, మిగతావాళ్ల చెప్పులకు చోటు ఉంచుతూ. ఆ ఫ్లాటులో ఇంకెవరూ లేరు. నీ కాళ్లకు మాత్రం ఎనిమిది మంది ఉన్న గది అలవాటు. అది చూశాక నాకు ఆ గదే చూడాలనిపించింది.

ఎండలోకి ఎందుకు పోయారని అడిగావు కదా, విను. లాస్ ఏంజెలెస్‌లో బంకర్ హిల్ అనే గుట్ట ఉండేది. ఒకప్పుడు శ్రీమంతుల చెక్క ఇళ్లు. తరవాత అవన్నీ అద్దె గదులైపోయాయి. పనివాళ్లు, ఒంటరి ముసలివాళ్లు ఉండేవారు. యుద్ధం తరవాతి దర్శకులు ఆ మెట్ల మీదా, ఆ వరండాల్లోనూ నేరాల కథలు తీశారు. కొన్నేళ్లకు నగరంవాళ్లు ఆ ఇళ్లన్నీ కూలగొట్టి, గుట్టను చెక్కి, పెద్ద పెద్ద మేడలు కట్టారు. ఇప్పుడు ఆ గదులు చూడాలంటే ఆ సినిమాల్లోనే చూడాలి. వాటి గొప్ప చెప్పాలని ఎవరూ తీయలేదు. ఉన్నది ఉన్నట్టు తీశారు, అందుకే ఆరేసిన బట్టలతో సహా ఆ గదులు మర్యాదగా కనిపిస్తాయి. నేను ఆ దర్శకులకు దండం పెట్టేది అందుకే.

ఒక చిట్కా కూడా చెబుతాను. జనం కెమెరాను చూసి బిగుసుకుపోకుండా వాళ్లు కెమెరాను వ్యానులో దాచేవారు. బయట ఉన్నవాళ్లకు లోపల కనపడని అద్దం ఉండేది. ఒకసారైతే వీధి రెండో మూలలో గారడీవాణ్ని నిలబెట్టారట, జనమంతా అటు చూస్తుంటే ఇటు షూటింగ్ చేసుకున్నారు.

సునీత సంగతి నీది. నేను చెప్పను, చూపించను. సినిమా వద్దంటే అదీ మానేస్తాను. నాకు సినిమాకంటే నువ్వు ముఖ్యం.

అక్క


ఘాలా
నవంబరు చివర

అక్కకు,

షూటింగ్ అయిపోయింది! నీ అమెరికావాళ్లు పడ్డ పాట్లు నాకు ఇప్పుడు తెలిశాయి.

మొదటి రోజు ఫోన్ తీశానో లేదో రూంలో అందరూ లేచి నిలబడ్డారు. "భూమేశా, దువ్వెన యాడ పెట్నావ్ బ్బా? నేను జుట్టు దువ్వుకోకుండా తీచ్చే ఊరుకోను" అని ఓబులేసు ఒకటే గోల. ఒకరు పౌడరు, ఒకరు తెల్ల చొక్కా. చివరికి నేను తప్ప ఏడుగురూ గోడకు ఆనుకుని గ్రూప్ ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డారు. మా బస్సు డ్రైవర్ వజీర్ పెషావర్‌వాడు, స్టీరింగ్ ముందు పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుని, "ఠీక్ హై? ముస్కురావూఁ?" అని, నవ్వమంటావా అని అడిగాడు.

అప్పుడు నీ గారడీవాడు గుర్తొచ్చాడు. ఓబులేసును పక్కకు పిలిచి గుట్టు చెప్పి, రూం ఆ మూల నిలబడి పాడమన్నాను. వాడికి అదే కావాలి. అందరూ "ఆపురా నాయనా" అని వాడి మీద పడ్డారు. నేను ఫోన్‌ను టిఫిన్ సంచిలో పెట్టి, చిన్న చిల్లిలోంచి తీశాను. నవ్వుకుంటూ ఉల్లిపాయలు తరగడం, తడి బట్టలు మంచం కడ్డీకి ఆరేయడం, ఒకరి వీపుకు ఒకరు బామ్ రాయడం, అన్నీ పడ్డాయి. మేకుకు తగిలించిన టై కూడా పడింది. తరవాత అందరికీ చూపించి అడిగాను. వద్దన్నవాళ్లను తీసేస్తానని చెప్పాను. ఎవరూ వద్దనలేదు. ఓబులేసు మాత్రం తన పాట వినపడాలని షరతు పెట్టాడు.

సైట్ మీద తియ్యడానికి ఫోర్‌మన్ గారిని అడిగాను, టిఫిన్ వేళ నన్ను మాత్రమే తీసుకోమన్నారు. పైఅంతస్తు నుంచి సముద్రం కనిపిస్తుంది. నేను కట్టిన పలకలన్నీ కింద వరసగా. అక్కా, నాకే ముచ్చటేసింది. ఇంతకాలం దాచుకున్నది ఇదేనా అనిపించింది.

చివరికి ఒక పొరపాటు జరిగింది. కెమెరా వైపు చూడకూడదని తెలుసు, అయినా ఒక్కసారి చూశాను. ఎందుకు చూశానంటే, అప్పుడే సునీత గుర్తొచ్చింది. అది కట్ చేసెయ్.

ఇంకో సంగతి. ఈ వీడియో నీకంటే ముందు ఆమెకు పంపాను. కింద అంతా రాశాను, ఆఫీసు, బ్యాంకు, టై, నువ్వు చెప్పిన సెట్టూ లొకేషనూ కూడా. ఎవరో చెప్పి తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. చూసినట్టు నీలం గుర్తులు వచ్చాయి. జవాబు రాలేదు. ఆ రోజు నుంచి "తిన్నరా?" కూడా లేదు.

భూమేశ్


తార్నాక
డిసెంబరు

నా బంగారు తమ్ముడికి,

నిన్న మన సినిమా వేశాం. హాలు నిండింది. ఓబులేసు పాటకు చప్పట్లు కొట్టారని అతనికి చెప్పు. వజీర్ నవ్వు దగ్గర అందరూ నవ్వారు. బామ్ రాసే చోట ఎవరూ కదల్లేదు. ఆ పాత దర్శకులు ఇవాళ ఉండి ఉంటే టిఫిన్ సంచి చిల్లిని చూసి నిన్ను భుజం తట్టేవారు. నేనైతే గర్వంతో నేల మీద లేను, నా తమ్ముడని అడగనివాళ్లకు కూడా చెప్పుకున్నాను.

నువ్వు కెమెరా వైపు చూసిన చూపు కట్ చెయ్యలేదు. క్షమించు. అన్ని సినిమాల్లో నేను వెతికేది దాన్నే. చివరి బొమ్మగా పెట్టాను.

అమ్మను కూడా పిలిపించాను. నువ్వు పైఅంతస్తులో నిలబడ్డప్పుడు "గంత పైకి ఎక్కెనా! కిందికి చూడకుమను" అని గట్టిగా అరిచింది. సినిమా అయ్యాక బస్సెక్కేటప్పుడు, "మీ నాయిన గది గూడ గిట్లనే ఉండేనా?" అని అడిగింది. ఉండేదేమో అన్నాను. "కోటుకంటె గిదే మంచిగున్నది" అంది.

ఇప్పుడు నువ్వు ఎదురు చూసే సంగతి. మంచి కబురు రాయలేకపోతున్నాను. సునీత వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "పిల్ల జెర సోచాయించుకుంటనన్నది, నిశ్చితార్థం ఇప్పుడే వద్దు" అన్నాడు. ఇంకా ఆలోచించుకోవడం ఎందుకని అడిగితే తనకూ తెలియదట. వీడియో చూసినప్పటి నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదట.

ఆమె కాదన్నా నువ్వు చేసింది సరైన పనేనని నేను అనుకుంటున్నాను. కాని అది నీకు ఊరటనివ్వదని తెలుసు. అన్నం మానెయ్యకు.

అక్క


ఘాలా
జనవరి

అక్కా,

నిన్న డ్యూటీ నుంచి బస్సులో వస్తుంటే సునీత నుంచి మెసేజ్ వచ్చింది. మాట లేదు, పలుకు లేదు, ఉత్త లొకేషన్! ఎర్ర గుర్తు మీద వేలు పెడితే మెట్‌పల్లి దాటాక హైవే మీది పెట్రోల్ బంకు. ఎక్కడికో పోతూ పెట్రోలుకు ఆగిందేమో అనుకున్నాను. సంబంధం వద్దని చెప్పడానికి ఊరి బయటికి వచ్చిందా అని కూడా అనుకున్నాను. నేను ఆ గుర్తునే మళ్లీ మళ్లీ తెరుస్తుంటే వజీర్ అద్దంలోంచి చూసి, "ఘర్ మే సబ్ ఠీక్?" అని ఇంటి క్షేమం అడిగాడు.

తరవాత వీడియో వచ్చింది. దాని కింద మెసేజ్ వచ్చింది. ఆమె రాసింది రాసినట్టే నీకు రాస్తున్నాను.

"నా ఫోటో గూడ సెట్టే. గా కంప్యూటర్ మా చిన్నమ్మ కొడుకు నెట్ సెంటర్ల ఉన్నది. నేను ముట్టుకుంటె ఆన్ గూడ కాలె. కంపెనీల ఆఫీసు పని అని మావోళ్లు చెప్పిన్రు. నేను బంకుల పెట్రోల్ కొడ్త. మీ వీడియో చూసిన సంది నాకు నిద్ర లేదు. మీరు మంచిగ చెప్పేసిన్రు, నాకు ధైర్యం సాలలె. అందుకే సోచాయించుకుంటనన్న. ఇప్పుడు మీరు సోచాయించుకోన్రి. ఇంకోటి, టైల మీరు ఊపిరాడనట్టు ఉన్నరు. బనీన్ల మంచిగున్నరు."

సోచాయించడానికి ఏముంది అక్కా! బస్సులోంచే నా లొకేషన్ కొట్టాను. కింద "తిన్నరా?" అని నేనే అడిగాను. ఈ సంగతి రూంలో చదివి వినిపిస్తే ఓబులేసు మేకుకున్న టై తీసి, "ఇంగ దీనికి పని ల్యా, ఎవురికైనా ఇచ్చేద్దాం పా" అన్నాడు. మిగతా ఇద్దరు పెళ్లికానివాళ్లు ఒప్పుకోలేదు, మళ్లీ తగిలించారు.

ఆ వీడియో నీకు పంపుతున్నాను. ఫోన్‌ను గాలి కొట్టే మిషన్ మీద పెట్టి తీసినట్టుంది. సునీత బంకు చొక్కా, టోపీ వేసుకుని ట్రాక్టరుకు డీజిల్ కొడుతోంది. రైతు ఏదో అంటే నవ్వుతోంది. మీటరు వైపు చూసుకుంటోంది. చివరి చుక్క కింద పడకుండా గొట్టం మూతికి గుడ్డ పెడుతోంది. ఎక్కడా బిగుసుకుపోలేదు, నేను టిఫిన్ సంచి చాటున తీసినదానికంటే బాగుంది. గొట్టం తగిలించి, ట్రాక్టరు వెళ్లిపోయాక, ఒక్కసారి కెమెరా వైపు చూసింది.

దీన్ని మన సినిమా చివర అతికించు, నా బొమ్మ తరవాత. ఆమెను అడిగాను, సరేనంది. ఏం కట్ చేసినా చెయ్యి అక్కా, ఆ చూపు మాత్రం ఉండనీ.

భూమేశ్